మా వదిన చెప్పిన టాబ్లెట్

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి క్లబ్బు గుమాస్తా నా క్యాంటీన్ కౌంటర్ మీద ఒక కవరు పెట్టాడు. "మీ వదినగారు ఇవాళ సెలవు కదా, ఇంటికెళ్లి ఇవ్వండి. సోమవారం పదింటికల్లా సంతకం పెట్టి తెమ్మన్నారు. పెడితే గౌరవంగా ఉద్యోగం మానేసి వెళ్లిపోవచ్చట. పెట్టకపోతే వాళ్లే తీసేస్తారట" అని గబగబా అప్పజెప్పి, టీ కూడా తాగకుండా జారుకున్నాడు. రోజూ నా దగ్గర మూడు టీలు తాగే మనిషి. అంటించని కవరు నా చేతిలో పెట్టి వెళ్లాక నేను చదవకుండా ఎలా ఉంటాను? చదివాను. చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారాయి, నేను చూడనేలేదు.

"మ్యాపుల గది బాధ్యురాలినైన నేను, క్లబ్బు ఆదేశాలకు విరుద్ధంగా విమానంలో పాత కాగితపు మ్యాపును ఉంచితిని. అందువలన పైలటు అయోమయానికి లోనై సైన్యం వారి కాల్పుల మైదానం మీదికి వెళ్లుట జరిగినది. ఈ పొరపాటు పూర్తిగా నాది." కింద మా వదిన పేరు, పేరు మీద సంతకానికి ఖాళీ.

పొరపాటట! మా వదినదట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగతనం చేసిందన్నా అంత మండేది కాదేమో. వాళ్ల వెధవ పనిని మా వదిన సంతకంతో, మా వదిన నెత్తినే రుద్దాలని చూశారు. వాళ్లు పెట్టిన గడువుకి మధ్యలో ఉన్నవి రెండే రోజులు.

మా వదిన గురించి ముందు చెప్పాలి. మాది ఊరి చివరనున్న చిన్న ఫ్లయింగ్ క్లబ్బు. ఒక రన్‌వే, రేకుల హ్యాంగర్, నాలుగు చిన్న విమానాలు, సభ్యులు కూర్చునే ఒక హాలు, దాని పక్కన నా క్యాంటీన్. సభ్యులంతా వేరే పనులున్నవాళ్లు. పళ్ల డాక్టరు, బట్టల వ్యాపారి, ప్లీడరు, ఇలాంటి వాళ్లు. లైసెన్సు సంపాదించుకుని, సెలవు రోజున సరదాగా తమంతట తాము విమానం నడుపుకునే బాపతు. వాళ్లు కిందనున్న నేలను చూసుకుంటూ పోతారు. రైలు పట్టాలు, కాలువలు, రోడ్లు, కొండలు. తొడ మీద మ్యాపు పెట్టుకుని, కిటికీలోంచి కనబడేదానితో పోల్చుకుంటూ పోవాలి. ఆ మ్యాపుల గదే మా వదినది.

ఇరవై ఆరేళ్ల క్రితం టైపిస్టుగా వచ్చింది. అప్పటికి నేనింకా ఇక్కడ క్యాంటీన్ పెట్టలేదు. వచ్చిన మొదటి వారమే మ్యాపుల గదిలో అప్పటి గుమాస్తా తెల్ల రంగు పూసి ఏదో చెరిపేస్తుంటే చూసిందట. అడిగితే, "పాత టవరు పడిపోయింది, కొత్తది లేచింది, మారుస్తున్నా" అన్నాడట. అప్పుడు మా వదిన అడిగిన ప్రశ్న ఇప్పటికీ క్లబ్బులో చెప్పుకుంటారు. "మార్చారని చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఎప్పుడు మార్చారని తెలుస్తుంది?" ఆ గుమాస్తా నీళ్లు నమిలాడు. నెల తిరక్కుండా ఆ గది తాళంచెవి మా వదిన కొంగుకొచ్చింది.

ఆవిడ పద్ధతి ఒకటుంది. విమానయాన శాఖ నుంచి సమాచారాలు వస్తూనే ఉంటాయి. ఎక్కడో కొత్త టవరు లేచిందనో, ఎక్కడో రన్‌వే మూసేశారనో, కాల్పుల మైదానం సరిహద్దు జరిపారనో. ఆవిడ ఏదీ చెరపదు. పాతదాని మీద ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క గీత, కింద పాత అక్షరాలు చదవడానికి వీలుగా. పైన కొత్తది. పక్కన తేదీ, పొట్టి సంతకం. అదే విషయం సవరణల పుస్తకంలో కూడా ఎక్కిస్తుంది. "తప్పూ కనబడాలి, దిద్దినవాళ్లూ కనబడాలి. అప్పుడే కాగితాన్ని నమ్మొచ్చు" అంటుంది. ఇరవై ఆరేళ్లలో అలాంటి పుస్తకాలు పది నిండాయి, పదకొండోది నడుస్తోంది.

ఈ పిచ్చి ఆఫీసుతో ఆగితే బాగుండును. నా పెళ్లి కార్డులో ముహూర్తం గంట తప్పుగా అచ్చయితే, మూడు వందల కార్డుల మీద కూర్చుని ఒక్కో గీత కొట్టి, సరైన టైము రాసి, తేదీ వేసి, పొట్టి సంతకాలు పెట్టింది. మా అత్తగారు ఆ కార్డు చూసి, "వీళ్లింట్లో పెళ్లికూతురిని కూడా దిద్ది పంపుతారా?" అన్నారు. ఇప్పటికీ ఆ మాట నన్ను వదల్లేదు.

ఇంత కాగితం మనిషి కాబట్టి టాబ్లెట్లంటే పడదనుకుంటారు అందరూ. మా క్లబ్బు అధ్యక్షుడు ఊరంతా అదే ప్రచారం చేశాడు. అబద్ధం! పచ్చి అబద్ధం! టాబ్లెట్లు కొందామని మొదట అడిగిందే ఆవిడ. వేళ్ల కీళ్ల నొప్పులు మొదలయ్యాయి, నాలుగు విమానాలకీ అన్ని మ్యాపులూ దిద్దడం కష్టంగా ఉంది. యాప్‌లో అయితే కొత్త టవరు సమాచారం వచ్చిన రోజే అందరి మ్యాపుల్లోకీ ఎక్కుతుంది. "నేను పది రోజులు దిద్దేది అది పది నిమిషాల్లో దిద్దుతుందే! ఎందుకొద్దంటాను?" అని చిన్నపిల్లలా సంబరపడింది. కాకపోతే ఏది కొనాలో చూసి కొనాలంది. అదీ ఆవిడ చేసిన నేరం.

చూడ్డానికి నన్ను వెంటబెట్టుకుని నాలుగు ఆదివారాలు దుకాణాలు తిరిగింది. చేతిసంచిలో పైలట్లు తొడకు కట్టుకునే అట్ట, గుడ్డ టేపు, మా ఇంటి పెద్ద గరిటె. గరిటె ఎందుకని నేనూ అడిగాను. దుకాణంలోకి వెళ్లాక తెలిసింది. స్టూలు మీద కూర్చుని, తొడకు అట్ట కట్టుకుని, దాని మీద టాబ్లెట్ పెట్టి, రెండు మోకాళ్ల మధ్య గరిటె నిలబెట్టింది. మా విమానాల్లో నడిపే కర్ర సరిగ్గా అక్కడే ఉంటుంది మరి. గరిటెను ఎడమకీ కుడికీ వంచుతోంది. దుకాణంలో అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. సిగ్గుతో నా తల కౌంటర్ కిందకి పోయింది.

"వదినా, లే, పరువు పోతోంది!"

"పోనీవే. చూడు, ఈ పెద్దదైతే కర్ర ఎడమకి రావట్లేదు. టాబ్లెట్‌కి కొట్టుకుంటోంది. ఇది పెట్టుకుంటే విమానం కుడికే తిరగాలి, జీవితాంతం."

దుకాణం కుర్రాడు పగలబడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చిన్నది పెట్టి చూసింది, గరిటె హాయిగా తిరిగింది. దాన్ని రాసుకుంది. తర్వాత అట్టపెట్టె మీది చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. అరగంట చదివింది. ఒకే కంపెనీ, ఒకే సైజు, చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్న రెండు టాబ్లెట్లు. ఒకదానికి సిమ్ పెట్టే అర ఉంది, రెండోదానికి లేదు. ఆ కంపెనీవాళ్లు సిమ్ అర ఉన్నదాంట్లోనే ఉపగ్రహాల సంకేతం పట్టే చిప్ పెడతారట. రెండోది చుట్టుపక్కల ఉన్న వై-ఫైని బట్టి తానెక్కడుందో ఊహించుకుంటుందట.

"అంటే?" అన్నాను.

"అంటే నేల మీద బాగానే ఉంటుంది. ఆకాశంలో వై-ఫై ఎవరు పెడతారే? పైకెళ్లాక గుడ్డిదైపోతుంది."

"ఆకాశంలో సిమ్ మటుకు పనిచేస్తుందా?"

"సిమ్ వెయ్యక్కర్లేదు. అర ఖాళీగానే ఉండనీ. మనకి కావాల్సింది సిమ్ కాదు, దాంతోపాటు వచ్చే చిప్."

నాకే అర్థమైంది. టీ కాచుకునే నాకే అర్థమైంది, గుర్తుపెట్టుకోండి.

ఆవిడ నివేదిక రాసింది. నాలుగే మాటలు. చిన్న సైజు కొనాలి. సిమ్ అర ఉన్నదే కొనాలి. మ్యాపులన్నీ ముందే టాబ్లెట్‌లో దించుకోనిచ్చే యాప్ కొనాలి. ఎండ తగిలి టాబ్లెట్ వేడెక్కితే ఆరిపోతుంది కాబట్టి ప్రతి విమానంలో ఒక కాగితపు మ్యాపు ఉండాలి. ఆ చివరి మాట ఊరికే రాయలేదు. మిట్టమధ్యాహ్నం హ్యాంగర్ బయట నిలిపిన విమానంలో, గాజు కప్పు కింద, అద్దెకు తెచ్చిన టాబ్లెట్‌తో గంటసేపు చెమటలు కారుతూ కూర్చుని చూసి మరీ రాసింది. నలభయ్యో నిమిషంలో తెర మీద థర్మామీటర్ బొమ్మ వచ్చి టాబ్లెట్ ఆరిపోయింది. నేను మజ్జిగ తీసుకెళ్లి ఇచ్చేసరికి ఆవిడ మొహం కందగడ్డలా ఉంది.

ఆ నివేదిక ఏమైందంటారా? కమిటీ మీటింగులో నేను టీలు ఇస్తున్నప్పుడు చూశాను. అధ్యక్షుడు దాన్ని మడిచి తన గ్లాసు కింద పెట్టుకున్నాడు, టేబులు తడవకుండా.

ఈ అధ్యక్షుణ్ణి అందరూ కమాండర్ అంటారు. ఏ సైన్యంలోనూ పనిచేసిన పాపాన పోలేదు. టైల్స్ వ్యాపారం. భుజాల మీద బంగారు పట్టీలున్న చొక్కా ఒకటి కుట్టించుకున్నాడు, అంతే. ఆయన పిలిపించిన సేల్స్‌మన్ టై కట్టుకుని వచ్చి, హాల్లో అందరి ముందూ పేద్ద టాబ్లెట్ తీసి, యాప్ తెరిచాడు. మ్యాపు మీద నీలం చుక్క వెలిగింది. సరిగ్గా మా హాలు మీద! కమాండర్ కూర్చున్న కుర్చీతో సహా చూపించినంత కచ్చితంగా! అందరూ ఆహా అన్నారు. హాల్లో వై-ఫై పెట్టె సరిగ్గా కమాండర్ నెత్తి మీదే ఉంది, గోడకి.

మా వదిన వెనక నిలబడి, "సార్, దీనికి సిమ్ అర ఉందా?" అని అడిగింది.

కమాండర్ వెనక్కి తిరిగి, "ఏం తల్లీ, పైకెళ్లి ఎవరికి ఫోన్ చేస్తావు? దేవుడికా?" అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. పళ్ల డాక్టరు కూడా నవ్వాడు. అది నేను మర్చిపోలేదు. మా వదిన చిప్ గురించి చెప్పబోయింది. గోడకు చెప్పినా బాగుండేది. "ఈవిడ కాగితం పురుగండీ" అని కమాండర్ సేల్స్‌మన్‌కి పరిచయం చేశాడు. సిమ్ అర లేని పెద్ద టాబ్లెట్లు నాలుగు కొన్నారు. వాటి వెనక క్లబ్బు గుర్తు, కింద "అధ్యక్షుల వారి చొరవతో" అని చెక్కించారు. మర్నాడే నోటీసు: విమానాల్లో కాగితపు మ్యాపులు ఉండరాదు, క్లబ్బు ఆధునికతకు భంగం.

టాబ్లెట్లు పరీక్షించి తీసుకున్నట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టమంటే మా వదిన పెట్టనంది. కమాండరే పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆవిడ నాలుగు మ్యాపులు మడిచి, నాలుగు విమానాల్లోనూ సీటు వెనక జేబుల్లో పెట్టింది. దాచిపెట్టలేదు. సవరణల పుస్తకంలో రాసి మరీ పెట్టింది.

ఎనిమిది రోజులు ఏమీ కాలేదు. మంచు ఎక్కువగా ఉండి ఎవరూ దూరం పోలేదు, క్లబ్బు చుట్టూ చక్కర్లు కొట్టి దిగిపోయారు. చుక్క కదిలిందో లేదో చూసుకునే అవసరమే రాలేదు. తొమ్మిదో రోజు పళ్ల డాక్టరు తన పదేళ్ల కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, నలభై నిమిషాల దూరంలో ఉన్న మరో చిన్న రన్‌వేకి బయలుదేరాడు. పిల్ల నా దగ్గర రెండు బిస్కెట్ ప్యాకెట్లు కొనుక్కుని, "ఆంటీ, పైనుంచి చెయ్యి ఊపుతా" అంది.

పైకెళ్లిన పావుగంటకి డాక్టరు టాబ్లెట్ చూస్తే నీలం చుక్క ఇంకా మా హాలు మీదే ఉంది. సిగ్నల్ వస్తుందిలే అని చూశాడు. తట్టాడు. ఆపి మళ్లీ పెట్టాడు. తల వంచుకుని టాబ్లెట్‌తో కుస్తీ పడుతుంటే విమానం దాని దారిన అది పోయింది. తల ఎత్తేసరికి కింద ఎక్కడా ఆనవాలు లేదు, అంతా పలచగా మంచు. పైగా ఆ పెద్ద పలకకి కర్ర తగిలి ఎడమకి సరిగ్గా తిప్పలేకపోయాడట. అప్పటికే కాల్పుల మైదానం అంచు దాటేశాడు. సైన్యం వాళ్లు క్లబ్బుకి ఫోన్ చేసి కేకలు. ఇంతలో, గాజు కప్పులోంచి పడే ఎండకి, తెర మీద థర్మామీటర్ బొమ్మ. టాబ్లెట్ ఆరిపోయింది.

పిల్ల ఏడుపు మొదలుపెట్టిందట. కళ్లు తుడుద్దామని డాక్టరు నాప్‌కిన్ కోసం సీటు వెనక జేబులో చెయ్యి పెడితే మడత మ్యాపు దొరికింది. దాన్ని తొడ మీద పరుచుకుని, రైలు పట్టాలు కాలువను దాటే చోటు వెతికి పట్టుకున్నాడు. అక్కణ్ణించి కాలువ వెంబడి ఇంటికి. దిగేటప్పటికి ట్యాంకులో అడుగున ఇంత ఉందని మెకానిక్ వేలు పెట్టి చూపించాడు. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి మంచినీళ్లడిగింది, చెయ్యి ఊపడం మర్చిపోయానంది. ఇంకో రెండు బిస్కెట్ ప్యాకెట్లు చేతిలో పెట్టాను, డబ్బులు తీసుకోలేదు.

సైన్యం వాళ్లు ఊరుకుంటారా? విమానయాన శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. కారణం చెప్పండి, లేదంటే క్లబ్బు అనుమతి ఆపేస్తాం అని. జవాబు సోమవారం మధ్యాహ్నానికి వెళ్లాలి. కారణం అనేసరికి కమాండర్‌కి తన పేరు చెక్కిన టాబ్లెట్ గుర్తురాలేదు. జేబులో దొరికిన మ్యాపు గుర్తొచ్చింది. ఏ కాగితం వల్ల ఆ తండ్రీకూతుళ్లు ఇల్లు చేరారో ఆ కాగితమే నేరమట! డాక్టరు ఆ రెండు వారాలూ క్యాంటీన్ మొహం చూడలేదు. వాళ్లావిడ చేత థర్మాస్ పంపించి టీ తెప్పించుకున్నాడు. పంపించాను, చక్కెర లేకుండా.

ఇక శుక్రవారం సాయంత్రం. కవరు అన్నయ్య వాళ్లింటికి పట్టుకెళ్లి ఇచ్చాను. మా వదిన మంచం అంచున కూర్చుని ఒకసారి చదివింది. మా అన్నయ్య వాచీలు బాగుచేసుకునే మనిషి, చీమకి కూడా హాని చెయ్యడు. కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "పెట్టేసెయ్. ఇంకో నాలుగేళ్లకి ఎలాగూ మానేసేదేగా. పెద్దవాళ్లతో మనకెందుకు గొడవ?" అన్నాడు.

"నాలుగేళ్లు ముందు మానడానికి నాకు బాధ లేదు" అంది వదిన. "ఇది రాసిచ్చి మానితే, ఇరవై ఆరేళ్లుగా నేను పెట్టిన ప్రతి సంతకం అబద్ధమవుతుంది. అది మీకు అర్థమవుతోందా?"

అన్నయ్య కళ్లద్దాలు మళ్లీ కిందకి దించుకున్నాడు. నేను మాత్రం ఆగలేదు. కమాండర్ని, వాళ్ల నాన్నని, ఆ సేల్స్‌మన్ టైని, ఎవర్నీ వదల్లేదు. రేపు హాల్లో నిలబడి అందర్నీ కడిగేస్తానన్నాను.

"నువ్వు నోరు మూసుకుని టీలు పట్టుకురా, చాలు" అంది వదిన. "సోమవారం పొద్దున్న డాక్టరుగారికి కూడా నువ్వే టీ ఇవ్వాలి. చక్కెర వేసి."

సోమవారం హాల్లో కమిటీ ఏడుగురూ కూర్చున్నారు. డాక్టరు ఒక మూల, నేలచూపులు. కమాండర్ పట్టీల చొక్కాలో, తన మామూలు కుర్చీలో. మా వదిన సంతకం పెట్టని కాగితం టేబులు మీద పెట్టి, "సార్, సంతకానికి ముందు ఒక చిన్న సందేహం. మీ టాబ్లెట్ తెరవండి" అంది.

తెరిచాడు. నీలం చుక్క హాలు మీద, ఆయన కుర్చీ మీద.

"బాగుంది. ఇప్పుడు దాన్ని పట్టుకుని గాలి ఎటుందో చూపే ఆ గుడ్డ గొట్టం దాకా నడిచి వెళ్లిరండి. మీరెక్కడున్నారో అది చెప్తుంది, నేను రాసుకుంటాను."

"ఇదంతా దేనికమ్మా?"

"జవాబు మధ్యాహ్నానికి వెళ్లాలి సార్. టైము లేదు."

ప్లీడరు లేచి, "వెళ్దాం పదండి, అందరం చూద్దాం" అన్నాడు. అందరూ బయలుదేరారు. టీ ట్రేతో నేనూ బయలుదేరాను, ఎవరు వద్దంటారు? హ్యాంగర్ దాటాం. పెట్రోలు ట్యాంకు దాటాం. ఎండ మాడుస్తోంది. గుడ్డ గొట్టం కిందకి చేరి కమాండర్ టాబ్లెట్ చూశాడు. తట్టాడు. ఊదాడు. పైకెత్తి ఆకాశానికి చూపించాడు. నీలం చుక్క హాల్లో కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉంది.

మా వదిన నడవలేక వెనక నిదానంగా వచ్చింది. "సార్, దీని లెక్కన మీరింకా కుర్చీలోనే ఉన్నారు. డాక్టరుగారు కాల్పుల మైదానం మీద ఉన్నప్పుడు కూడా ఇది ఆయన్ని హాల్లోనే కూర్చోబెట్టింది" అంది.

ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాను. ట్రేలో గ్లాసులు గలగలలాడేంత గట్టిగా నవ్వాను. తర్వాత డాక్టరు ముందుకెళ్లి చక్కెర వేసిన టీ గ్లాసు చేతికిచ్చి, "డాక్టరుగారూ, అందరి నోళ్లూ తెరిపిస్తారు, మీది ఎప్పుడు తెరుస్తారు?" అన్నాను. వదిన నన్ను గుడ్లురిమి చూసింది. చూడనీ.

ఆయన గ్లాసు మళ్లీ ట్రేలో పెట్టేశాడు. "ఆ మ్యాపు మీద మొన్నమొన్నటి తేదీ ఉంది" అన్నాడు. "కాల్పుల మైదానం కొత్త సరిహద్దు ఎర్రగా గీసి ఉంది. అది చూసే బయటపడ్డాను. నా కూతురు... ఆవిడ చేత ఆ కాగితం మీద సంతకం పెట్టిస్తే, శాఖకి నేను వేరే ఉత్తరం రాస్తాను. ఈ మాట ఆ రోజే అనాల్సింది. భయపడ్డాను."

హాల్లోకి తిరిగొచ్చాం. కమాండర్ మొహం మాడిన పెనంలా ఉంది. "సరేలెండి, జరిగిందేదో జరిగింది, దీన్ని చింపేద్దాం, వేరే రాసుకుందాం" అంటూ ఆ కాగితం మీద చెయ్యేశాడు.

మా వదిన అరచెయ్యి దాని మీద బోర్లించింది. అంత గట్టిగా ఆవిడ ఏదైనా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"చింపడానికి వీల్లేదు సార్. దిద్దండి."

కొంగున గుచ్చుకున్న ఎర్ర పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది. కమాండర్ చుట్టూ చూశాడు. ప్లీడరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. డాక్టరు మాత్రం సూటిగా ఆయన్నే చూస్తున్నాడు. కమాండర్ పెన్ను తీసుకుని "పాత కాగితపు మ్యాపును" అన్నచోట గీత కొట్టాడు. ఒక గీత చాలదన్నట్టు బరబరా కొట్టబోతే వదిన ఆపింది. "ఒక్కటే. కింద కనబడాలి." పైన "ఉపగ్రహ చిప్ లేని టాబ్లెట్‌ను" అని రాయించింది. అలాగే "మ్యాపుల గది బాధ్యురాలినైన" కొట్టించి "అధ్యక్షుడినైన" అని, "క్లబ్బు ఆదేశాలకు" కొట్టించి "మ్యాపుల గది నివేదికకు" అని రాయించింది. "ఈ పొరపాటు పూర్తిగా నాది" దగ్గరికొచ్చేసరికి ఆయన పెన్ను ఆగింది. ఆ వాక్యాన్ని వదిన కొట్టేయమనలేదు. దాని కిందున్న తన పేరు మీద వేలు పెట్టింది, అంతే. ఆయన ఆ పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. సంతకం పెట్టి కాగితం ముందుకు తోశాడు.

వదిన చూసి వెనక్కి తోసింది. "తేదీ వెయ్యలేదు సార్."

వేశాడు.

గుమాస్తా ఆ కాగితాన్ని కవర్లో పెట్టి అంటించి తీసుకెళ్లాడు. ఆయనకి టీ ఇచ్చాను, తాగాడు. చిన్న టాబ్లెట్లు, సిమ్ అర ఉన్నవి, వచ్చే నెల వస్తాయన్నారు. మా వదినకి క్షమాపణ మటుకు ఎవరూ చెప్పలేదు. ఒక్కడంటే ఒక్కడు కూడా.

టీ తీసుకుని మ్యాపుల గదికి వెళ్తే ఆవిడ తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుని ఉంది. ముందు బల్ల మీద పదకొండో సవరణల పుస్తకం. కళ్లు తుడుచుకుంటోంది.

"అయ్యో, గెలిచి ఏడుస్తావేంటి వదినా?"

"ఏడుపు కాదే, కోపం!" అంది. ఆ గొంతు నేను ఇన్నేళ్లలో వినలేదు. "ఆ మ్యాపు పాతది కాదని నడిచెళ్లి చూడక్కర్లేదు, ఎండలో పడక్కర్లేదు. అంతా ఇందులోనే ఉంది, తేదీతో సహా. ఆ అలమారకి తాళం కూడా లేదు. రెండు వారాలు నన్ను దొంగలా చూశారు. ఏడుగురిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, వచ్చి పుస్తకం తెరిచి చూడలేదే!"

గ్లాసు ఆవిడ పక్కన పెట్టాను. ఆ పూట వచ్చిన సమాచారం బల్ల మీదే ఉంది, ఉత్తరం వైపు ఎక్కడో కొత్త టవరు లేచిందట. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, ఎర్ర పెన్ను మూత తీసి, తేదీ వేయడం మొదలుపెట్టింది.